కాపలా దిగిన పిల్ల

తెర మీద రెండు గీతలున్నాయి. నీలం గీత తనదని రజితకు తెలుసు. ఏడాదిగా దాన్ని చూస్తూనే ఉంది. మామూలు రోజుల్లో మెల్లగా పైకీ కిందికీ కదులుతుంది. జబ్బు తిరగబెట్టే ముందు నిటారుగా లేస్తుంది. దాని పక్కనున్న పసుపు గీతను మాత్రం ఆమె ఇంతకు ముందు చూడలేదు.

"మార్చిలో మీకు ఎక్కువైంది కదా, నీలం గీత ఇక్కడ లేచింది," అంది డాక్టర్ ఫర్హానా, తెర మీద వేలు పెట్టి. "పసుపు గీత చూడండి. దానికంటే వారం ముందే లేచింది. పోయిన దసరాకీ అంతే. అంతకు ముందు వేసవిలోనూ అంతే."

"అంటే మిషన్ మంచిగ పనిజేస్తుందన్నట్టా మేడం?"

"మిషన్ కాదు రజితగారూ. ఆ గీత మీ లాస్యది."

రజితకు వెంటనే అర్థం కాలేదు. లాస్య ఆమె కూతురు. పదకొండేళ్లది. ఆ పిల్లకు ఏ జబ్బూ లేదు. జబ్బు ఉన్నది రజితకు. దానికి డాక్టర్లు బైపోలార్ అని పేరు పెట్టారు. లాస్య నడక నేర్చిన ఏడాది నుంచి మందులు వాడుతోంది. హనుమకొండలో ఒక బాలికల హైస్కూల్లో ఆమె పీఈటీ టీచరు. కబడ్డీ జట్టును జిల్లా మొత్తం పేరు చెప్పుకునేలా తయారు చేసింది. జబ్బు పైకి ఎగదన్నితే నిద్రుండదు, అలుపుండదు, నోటికి అదుపుండదు. ఒకసారి జట్టు మొత్తాన్నీ ఆటోల్లో కుక్కి, ఢిల్లీ తీసుకుపోతానని స్టేషన్ దాకా వెళ్లింది. చేతిలో టికెట్లు లేవు, పిల్లల తల్లిదండ్రులకు కబురు లేదు. జబ్బు కిందికి లాగితే వారాల తరబడి గోడవైపు తిరిగి పడుకునేది. అన్నం కలిపి పెట్టినా ముద్ద దిగేది కాదు.

మందులు పనిచేస్తాయి. అయితే అల లేవబోతోందని ముందుగా తెలిస్తే, మందులిచ్చే డాక్టరు మోతాదు మార్చి దాన్ని అక్కడికక్కడే అణచగలడు. ఆ ముందస్తు కబురు కోసమే ఫర్హానా తన పరిశోధనశాలలో ఒక బిళ్ళను తయారు చేసింది. చొక్కా గుండీ అంత ఉంటుంది. చెవి వెనక అంటించుకుంటే చెమటనూ గుండెచప్పుడునూ నిద్రనూ చదువుతుంది. ఎండలకో పండగ హడావుడికో ఇంటిల్లిపాదీ కుదుపు పడుతుంది గనక, దాన్ని లెక్కలోంచి తీసేయడానికి ఇంట్లో అందరికీ తలా ఒక బిళ్ళ ఇచ్చారు. లాస్య బిళ్ళ ఆ తీసివేత కోసం పెట్టిందే.

"మనం తీసి పారేస్తున్న లెక్కలోనే అసలు సంగతి దాక్కుంది," అంది ఫర్హానా. ఆమె కళ్ళు మెరుస్తున్నాయి. "మీ ఒంటికి తెలిసే ముందే మీ అమ్మాయి ఒంటికి తెలుస్తోంది. ఎలా తెలుస్తోందో ఆమెకే తెలియదు. ఆ వారమంతా నిద్ర పలచబడుతుంది, చేతులు చల్లబడతాయి, కడుపు బిగుసుకుంటుంది."

కడుపు అన్న మాట రజిత గుండెలో ఎక్కడో గుచ్చుకుంది. రెండేళ్లుగా లాస్య కడుపునొప్పి అంటూనే ఉంది. స్కానింగులన్నీ చేయించారు. ఏమీ లేదన్నారు. కానీ ఆ క్షణంలో ఆమెకు ఎదురుగా కనిపించింది ఆశ ఒక్కటే. ఇక ఆసుపత్రి మంచం ఉండదేమో, స్టేషన్‌లో జనం మధ్య అరుపులు ఉండవేమో.

"అయితే అలారం బిడ్డ బిళ్ళకే పెట్టున్రి మేడం," అంది.

*

మొదటి పరీక్ష వానాకాలం మొదట్లో వచ్చింది. పసుపు గీత లేచింది. ఫర్హానా ఫోన్ చేసింది, డాక్టరు మోతాదు పెంచాడు, రజిత నాలుగు రోజులు మబ్బుగా తిరిగి మామూలైపోయింది. బడికి ఒక్క రోజు కూడా సెలవు పెట్టలేదు. ఆ ఆదివారం ఆమె భర్త సంపత్ ఇంటికి బిర్యానీ తెచ్చాడు. సంపత్ కరెంటు ఆఫీసులో లైన్‌మన్. ఒళ్లంతా ఎండకు కమిలి ఉంటాడు, మాట తక్కువ. ఆరోజు మాత్రం కూతుర్ని రెండు చేతులా పైకెత్తి తిప్పాడు.

"నా బిడ్డ మిషన్ కంటె జబర్దస్తు! ఏం మిషన్ నిలుస్తది నా బిడ్డ ముంగట!"

లాస్య పకపకా నవ్వింది. ఫర్హానా దగ్గర బిళ్ళలు పెట్టుకున్న మిగతా కుటుంబాల్లో కూడా సంగతి ఇదేనని తేలింది. జబ్బు తల్లికున్నా తండ్రికున్నా, ముందు కదిలేది పిల్లల గీతే. హైదరాబాదు నుంచి పెద్ద పెద్ద ప్రొఫెసర్లు వచ్చి లాస్యతో ఫొటోలు దిగారు. ఆమెకు ఒక సైకిలు బహుమతిగా ఇచ్చారు. కొన్నాళ్ళు ఆ ఇంట్లో నిజంగానే పండగ.

లాస్య బడివాళ్ళు లక్నవరం చెరువుకు యాత్ర ప్రకటించిన రోజు ఆ పండగ ఆగిపోయింది.

రజిత, లాస్య వసారాలో కూర్చుని పల్లికాయలు ఒలుస్తున్నారు.

"పేరిచ్చినవా బిడ్డా? పోయినేడు బోటెక్కలేదని ఏడ్చినవ్ గదా."

"నేను పోను మమ్మీ. మూడు రోజులట."

"అయితే ఏంది?"

"నేను ఇంట్ల లేకపోతే నీకెట్లున్నదో ఎవలకు తెలుస్తది?"

ఊరెళితే మొక్కలకు నీళ్లెవరు పోస్తారన్నంత మామూలుగా అడిగింది ఆ మాట. ఇంకో కాయ చిదిమింది. రజిత చేతులు ఆగిపోయాయి.

"కడుపు నొస్తుందా ఇప్పుడు?"

"కొంచెం." తల్లి ముఖం చూసి లాస్య గబగబా సర్దింది. "మంచిదే గద మమ్మీ. నొస్తెనే గదా డాక్టర్ మేడంకు ఎరుకయ్యేది. నొప్పి పోకుండ ఉండాల్నని నేనే మొక్కుకుంటున్న."

రజిత లేచి లోపలికి వెళ్లింది. తాను పట్టపగలు హాయిగా గ్రౌండులో ఈల వేసుకుంటూ తిరుగుతున్న ఈ మూడు నెలలూ ఎవరి కడుపులోంచి వచ్చాయో ఇప్పుడు తెలిసింది. ఫోన్ తీసి కృపావతికి చేసింది.

కృపావతి అదే పరిశోధనశాలలో కుటుంబాలతో మాట్లాడే కౌన్సెలరు. ముక్కు మీదికి జారే కళ్ళద్దాలు, తొందర లేని గొంతు. జబ్బున్న మనిషిని ఒక్కరినే కాక ఇంటివాళ్లందరినీ కలిపి కూర్చోబెట్టుకోవడం ఆమె పద్ధతి. మొదట్లో రెండుసార్లు వెళ్లారు గానీ, సంపత్‌కు డ్యూటీలు, రజితకు మ్యాచ్‌లు, తర్వాత బిళ్ళే అన్నీ చూసుకుంటుందన్న ధీమా. మానేశారు.

"ఈసారి ముగ్గురం వస్తం మేడం," అంది రజిత. "ఎన్నిసార్లు రమ్మంటె అన్నిసార్లు."

*

"లాస్యా, ఈ గదే మీ ఇల్లనుకో," అంది కృపావతి. "బడి నుంచి వచ్చినవ్. ఏం చేస్తవో చేసి చూపియ్యి."

లాస్యకు అది ఆటలా అనిపించింది. తలుపు దగ్గరికి వెళ్లి బ్యాగు వేసుకున్నట్టు నటించింది. ముందు కిందికి చూసింది.

"మమ్మీ చెప్పులు. మంచిగుంటె పక్కపక్కన ఇడుస్తది. ఎక్కువైతుంటె ఒకటి మెట్టు మీద, ఒకటి కింద."

ఆగి, తల ఒకవైపు వంచింది. "ఇప్పుడు ఇంటున్న. వంటింట్ల సప్పుడు జోరుగ ఉన్నదా, మెల్లగ ఉన్నదా. పాట పాడుతుందా. పాడితే మంచిదే, కనీ ఆగకుంట పాడితే మంచిది కాదు." నాలుగడుగులు వేసింది. "చాయ్ గిలాసలు. ఒకటి సగం తాగి మర్చిపోతె ఏం కాదు. మూడు దొరికినయంటే..." వేళ్ళు మడిచి చూపించింది. "ఇగ కిందికి పోయేటప్పుడు వేరే. అప్పుడు జడ చూడాలె, దుప్పటి చూడాలె. అవన్నీ అయినంక బ్యాగు దించుత."

సంపత్ కుర్చీ అంచున కూర్చుని నేలవైపు చూస్తున్నాడు. రజిత పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తర్వాత?" అంది కృపావతి.

"డాడీ ఫోన్ చేస్తడు. 'మమ్మీ ఎట్లున్నది బిడ్డా?' అంటడు. రోజూ."

"నువ్వేమంటవ్?"

"మంచిగున్నది అంట."

"బాగలేకపోతే?"

లాస్య తండ్రివైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "అప్పుడు గూడ అట్లనే అంట. డాడీ స్తంభం మీద ఉంటడు గద. భయపడితే చెయ్యి జారుతది."

సంపత్ రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. అతని భుజాలు కదిలాయి. లాస్య పరుగున వెళ్లి అతని మెడ చుట్టూ చేతులు వేసి, "ఏం గాదు డాడీ, ఏం గాదు," అని వీపు నిమరసాగింది.

"చూసిన్రా," అంది కృపావతి మెల్లగా. "ఇప్పుడు గూడ ఓదారుస్తున్నది ఆమెనే."

ఆరోజు నుంచి పని మొదలైంది. చూడ్డానికి చిన్న పనులే. సంపత్ ఇకమీదట ఆ ఫోన్ కూతురికి చేయకూడదు, భార్యకే చేయాలి. రజిత నిజం చెప్పాలి. మొదట్లో ఆమెకు ఒళ్లు మండేది. "మంచిగనే ఉన్న, రోజూ ఏందీ ఇంటరాగేషన్!" అని పెట్టేసేది. తర్వాత పది నిమిషాలకు తనే చేసి, "సగం నిద్రనే పట్టింది. చెప్తే నారాజైతవని చెప్పలే," అనేది. ఎక్కువైతే బ్యాంకు కార్డు, ఫోను సంపత్ చేతికివ్వాలని ఒప్పుకుంది. జట్టును ఎవరికి అప్పగించాలో, లాస్యకు ఎవరు తోడుండాలో మంచిగా ఉన్నప్పుడే అనుకుని పెట్టుకున్నారు.

లాస్య ఒకరోజు అసలు ప్రశ్న అడిగింది.

"నాకు గూడ వస్తదా ఈ బీమారి?"

సంపత్ "ఛ, రాదు," అనబోయాడు. కృపావతి చేయెత్తి ఆపి రజితవైపు చూసింది. చెప్పాల్సింది నువ్వే అన్నట్టు.

"రావచ్చు బిడ్డా," అంది రజిత. "వేరే పిల్లలకన్న నీకు కొంచెం ఎక్కువనే అవకాశం ఉంటదట. శానామందికి రాదు గూడ. వస్తే ఏం చెయ్యాల్నో మాకెరికె. నాకు వచ్చినప్పుడు ఎవలకు ఎరికలేకుండె. నువ్వు నా లెక్క ఒక్కదానివి పడి లేవవు. కనీ నాకు నీ వల్ల రాలే, నిన్ను చూస్తే పోదు. ఇది నేను చూసుకునే పని."

"సరే," అంది లాస్య. ఆ రాత్రి దుప్పటి ముసుగులో ఏడ్చింది. మర్నాడు చాన్నాళ్లకు రెండోసారి అన్నం పెట్టించుకుని తింది.

*

చలికాలం వచ్చేసరికి పసుపు గీత పలచబడింది. దీపావళికి రజితకు చిన్న కుదుపు వస్తే అది అరకొరగా లేచి పడిపోయింది. ఫర్హానా ఆ కుటుంబాన్ని, కృపావతిని కలిపి పిలిపించింది.

"ఉన్నమాట చెప్తాను," అంది ఫర్హానా. ఆమె నిద్రపోయి చాలా రోజులైనట్టుంది. "కృపావతిగారి థెరపీకి వెళ్తున్న పిల్లలందరి గీతలూ ఇలాగే చెరిగిపోతున్నాయి. ఇంకో ఆరు నెలలు గనక థెరపీ ఆపితే, ఈ పరిశోధన పూర్తవుతుంది. వేలమందికి పనికొస్తుంది. మీకూ మంచిదే రజితగారూ. అలారం లేకపోతే మీరు మళ్లీ పడిపోవచ్చు."

"పడితే నేను పడుత మేడం," అంది రజిత. "లేపనీకె పెద్దోళ్లున్నరు. నా బిడ్డ కడుపునొప్పిని మందుగోలి లెక్క నేను మింగ. నేను కోచ్‌ని. కోర్టుల ఎవల జాగ వాళ్ళకుంటది. పదకొండేండ్ల పిల్లను తెచ్చి నా బదులు కూతకు తోలుడు నాతోని కాదు." కూతురి వైపు తిరిగింది. "రా బిడ్డా, బిళ్ళ తీసేద్దాం."

లాస్య రెండు చేతులతో చెవి మూసుకుంది.

"వద్దు! తియ్యకు! మొన్న నాకు జెర్రంతనే నొచ్చింది. నేను మంచిగ చేస్తలేనని తీస్తున్రా? ఇంకా మంచిగ చేస్త మమ్మీ!"

ఫర్హానా తెర వైపు, పిల్ల వైపు మార్చి మార్చి చూసింది. ఇన్నాళ్లూ ఆమె పసుపు గీతనే చూసింది. ఆ గీత ఎలా అరుస్తుందో ఇప్పుడే విన్నది. కుర్చీలోంచి లేచి వచ్చి లాస్య ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"లాస్యా, నువ్వు చాలా బాగా చేశావు. తప్పంతా నాది. పెద్దవాళ్లూ యంత్రమూ చేయాల్సిన పనిని నేను నీతో చేయించాను. బిళ్ళ ఉంచుకో. అలారం తీగ మాత్రం నేను తెంపేస్తా. జనవరి నెలాఖరు దాకా నీ గీతను ఎవ్వరం చూడం. ఈలోపు నువ్వు వినేవన్నీ, కృపావతిగారు చెప్పిన ఆ వంటింటి చప్పుడూ ఆ ఆగని పాటా, మీ అమ్మ బిళ్ళకు నేర్పుతాను. అది నా పని. సరేనా?"

లాస్య చాలాసేపటికి చేతులు దించింది.

*

చెరువు నిండి మత్తడి దూకుతోందని వాయిదా వేసిన లక్నవరం యాత్ర జనవరిలో ఖాయమైంది. అదే వారం జిల్లా కబడ్డీ ఫైనల్స్.

ఆ సోమవారం రజిత గ్రౌండులో సున్నంతో కోర్టు గీతలు గీస్తోంది. ఎండ బంగారంలా ఉంది. చేయి చకచకా సాగుతోంది. ఒక కోర్టెందుకు, పక్కనే ఇంకోటి గీస్తే రెండు జట్లు ఒకేసారి ఆడొచ్చు కదా అనిపించింది. గీసేసింది. మూడోది కూడా మొదలుపెట్టింది. రాష్ట్రం మొత్తం నుంచి ఆడపిల్లల్ని తెప్పించి ఇక్కడే అకాడమీ పెట్టాలి. ఎవర్నడగాలో, ఎక్కడ కట్టాలో అంతా కళ్ళకు కట్టినట్టు కనిపిస్తోంది. ఇన్నేళ్లూ ఇది ఎందుకు తట్టలేదు? సున్నం సంచి ఖాళీ అయ్యింది. ఇంకోటి తేవడానికి తిరిగితే గట్టు మీద గాజు గ్లాసులు కనిపించాయి. మూడున్నాయి. మూడింట్లోనూ సగం చాయ్ చల్లారి మీగడ కట్టింది.

తాను పాడుతున్నానని అప్పుడు తెలిసింది. ఎప్పటి నుంచి పాడుతోందో తెలియదు.

ఇది జబ్బు కాదు, నిజంగా సంతోషమే అని మనసు గట్టిగా చెప్తోంది. ఒక్క రోజు, ఒక్క రోజు ఉండనియ్యి అని బతిమాలుతోంది. ఆ సంతోషం ఎంత తియ్యగా ఉందంటే, దాన్ని చేత్తో తీసి ఇంకొకరికి ఇచ్చేయడమంటే ప్రాణం పోయినట్టుంది. రజిత ఫోన్ తీసింది.

"ఆగు, దిగుతున్న," అన్నాడు సంపత్. బూట్లు నేలకు తాకిన చప్పుడైంది. "దిగిన. చెప్పు."

"నాకు ఎక్కువైతుంది సంపత్. ఇంక ఎవలకు తెల్వది. నాకే తెలిసింది."

"వస్తున్న. అక్కడనే ఉండు. మంచిగ చెప్పినవ్ రజితా. మస్తు మంచిగ చెప్పినవ్."

నీలం గీత మర్నాడు గానీ లేవలేదు. బిళ్ళ కంటే ఒక రోజు ముందే రజిత తనను తాను పట్టుకుంది. డాక్టరు మోతాదు పెంచాడు. బ్యాంకు కార్డు, ఫోను సంపత్ జేబులోకి వెళ్లాయి. ఈలను తోటి టీచరు సునీత చేతిలో పెడుతున్నప్పుడు మాత్రం రజితకు కళ్ళనీళ్లు ఆగలేదు.

గురువారం పొద్దున యాత్ర బస్సు బడి ముందు ఆగింది. రజిత కూతురి ఎదురుగా కూర్చుని చెప్పింది.

"బిడ్డా, నాకు కొంచెం ఎక్కువైంది. డాడీకి ఎరికె, డాక్టర్‌కు ఎరికె, గోలీలు పెంచిన్రు. నువ్వు పోయి రా."

లాస్య ముఖం పాలిపోయింది. తల్లి కళ్ళలోకి చూసింది, తండ్రి వైపు చూసింది. "నాకు ముందుగాల తెల్వనే లేదు," అంది నమ్మలేనట్టు.

"తెల్వద్దనే గదా ఇంత కష్టపడ్డది," అన్నాడు సంపత్.

లాస్య బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి ఆగింది. లోపలి నుంచి ఎవరో పిల్ల, "లాసీ! కిటికీ సీటు పోతున్నదే!" అని కేకేసింది. లాస్య ఒక్క ఉదుటున లోపలికి దూకింది.

*

ఫైనల్స్ శనివారం. రజిత ప్రేక్షకుల్లో, సంపత్ పక్కన కూర్చుంది. మందులకు నోరు ఎండిపోతోంది, రెప్పలు బరువుగా ఉన్నాయి. ఆఖరి కూతకు వెళ్లిన పిల్ల ఇద్దర్ని తాకి, లైను మీదికి చేయి చాచి పడింది. గ్రౌండు హోరెత్తిపోయింది. జట్టు మొత్తం సునీతను వదిలి గట్టు ఎక్కి వచ్చి రజిత మీద పడింది. ఊపిరాడని ఆ గుంపులోంచి ఆమె బయటపడేసరికి ఎదురుగా ఫర్హానా, కృపావతి నిలబడి ఉన్నారు.

"నెలాఖరు ఇవాళే," అంది ఫర్హానా. చేతిలోని ట్యాబ్ తిప్పి చూపించింది. నీలం గీత ఈ వారం కొండలా లేచి, అప్పుడే దిగుతోంది. దాని కింద పసుపు గీత చదునుగా, ఎక్కడా బెదరకుండా పోతోంది. చివర్లో మాత్రం రెండు చిన్న గంతులు.

"ఇవేంది?" రజిత వాటి మీద వేలు పెట్టింది.

"గురువారం పొద్దున్న. బస్సు మెట్టు అనుకుంటా. పావుగంటలో సర్దుకుంది. తర్వాత మళ్లీ నిన్న, పడవ మీద. అది భయం గీత కాదులెండి, కేరింతలు." ఫర్హానా నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "నా దగ్గరున్న అన్నిటికంటే మంచి యంత్రం పాడైపోయింది రజితగారూ. పోయిన వారమే మిగతా పిల్లల అలారాలు కూడా తెంపేశాను. వాళ్ల తల్లిదండ్రుల్ని కృపావతిగారి దగ్గరికి పంపుతున్నాను. ఈ పరిశోధన ఇక ఇలాగే రాస్తాను. పసుపు గీత చదునైతేనే గెలుపని."

కృపావతి కళ్ళద్దాలు పైకి తోసుకుని, రజిత చేతిని తన చేతుల్లోకి తీసుకుంది.

సాయంత్రం బస్సు వచ్చింది. లాస్య అందరికంటే చివర దిగింది. ఒక కాలికే చెప్పుంది, జుట్టంతా రేగిపోయి, గొంతు బొంగురుపోయి ఉంది.

"మమ్మీ! కోతి నా పూరీల పొట్లం గుంజుకపోయింది! నేను దాని ఎంబడి ఉరికిన, అది నా చెప్పు గూడ ఎత్కపోయింది!"

"ఓర్నీ! బిడ్డా, నాకు ఇప్పుడు జర తగ్గుతుంది. ఇంకో వారం పడుతదట."

"సరే మమ్మీ. ఆగు, అసలు సంగతి ఇంకా చెప్పనే లే. అది చెట్టెక్కి ఏం చేసిందో చూడు..."

సంపత్ బ్యాగు అందుకున్నాడు. ముగ్గురూ ఇంటివైపు నడిచారు. లాస్య ముందుకూ వెనక్కీ గంతులేస్తూ, చేతులు ఊపుతూ చెప్తూనే ఉంది. ఇల్లొచ్చింది, స్నానమైంది, అన్నం కూడా అయిపోయింది. కోతి ఇంకా చెట్టు దిగలేదు.